నీళ్ళు నిద్రపోయే వేళ

పక్కసీటు పెద్దాయన ఫోన్‌ని చెవికి ఆనించుకోకుండా మోకాలి మీద పెట్టుకుని వింటున్నాడు, అందుకని ఆ మాట ఆమె చెవినా పడింది. నీళ్ళు నిద్రపోయే వేళ, అంటోంది ఫోన్‌లో మగగొంతు, నీళ్ళు నిద్రపోయే వేళ వాళ్ళు వచ్చారు, అడుగుల చప్పుడైనా లేకుండా. కిటికీకి తల ఆనించి కునుకుతున్న ఆమె ఆ సగం నిద్రలో చిన్నగా నవ్వుకుంది, ఎందుకంటే అది అమ్మమ్మ మాట. దీపాలు పెట్టాక కుండలో గ్లాసు ముంచబోతే అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఆపేది, ఆగవే, నీళ్ళు నిద్రపోయాయి, మెల్లిగా లేపు, అని. నీళ్ళు నిజంగానే ఉలిక్కిపడతాయేమోనని ఆమె గ్లాసు అంచుతో పైపైన తాకేది. అమ్మమ్మ తప్ప ఇంకెవరూ ఆ మాట అనగా ఆమె వినలేదు. అమ్మమ్మ పోయి ఎన్నో ఏళ్ళయింది. మరి ఈ ఫోన్‌లోకి ఎలా వచ్చింది, అనుకునేసరికి మెలకువ పూర్తిగా వచ్చేసింది, నవ్వు పెదాల మీద ఎక్కడుందో అక్కడే బిగుసుకుపోయింది. ఆ మాటని అమ్మమ్మ దగ్గర్నుంచి తీసి మరోచోట పెట్టింది తనే. పెట్టిన చోటు కూడా గుర్తుంది. తనకు చదువు చెప్పిన మాస్టారి పుస్తకంలో, యూదులు బావుల్లో విషం కలిపారని ఊళ్ళకు ఊళ్ళను నమ్మించిన ఒక పాత కరపత్రానికి తను చేసిన అనువాదంలో.

బస్సు గతుకుల్లో పడి లేస్తోంది. పై అరలోంచి ఎవరిదో గొడుగు జారి కిందపడింది, ఎవరూ తీయలేదు. ఫోన్‌లో గొంతు సాగిపోతూనే ఉంది, ఒక్కో వాక్యం రాకముందే ఆమెకు తెలిసిపోతోంది, సొంత ఇంటి మెట్లు చీకట్లో కూడా కాలికి తెలిసినట్టు. ఇక్కడ ఆగుతుంది, ఆగింది. ఇక్కడ పసిపిల్లల గొంతులు వస్తాయి, వచ్చాయి. బావి అని తను రాసిన చోట వాడు ట్యాంకు అంటున్నాడు, అంతే తేడా. ఎంత కష్టపడింది దానికోసం, వంటింటి బల్ల మీద, ఒక కన్ను పొయ్యి మీది పాల మీద, ఒక కన్ను కాగితం మీద. మొదటిసారి రాసింది మాస్టారు చదివి పక్కన పడేశారు. ఇదేంటమ్మాయ్, ఎండుకట్టెలా ఉంది, ఇది విని ఎవడు పక్కింటికి నిప్పుపెడతాడు, అన్నారు. ఆయన జీవితమంతా చదివింది అదే, యూదుల మీద లోకానికున్న ద్వేషం ఎక్కడ పుట్టింది, ఏ ఊరి నుంచి ఏ ఊరికి నడిచింది, దారిలో ఏ వేషం మార్చింది అని. తనూ యూదుడే అయినా ఆ రాతలు పైకి చదివేటప్పుడు ఆయన గొంతు వణికేది కాదు, డాక్టరు పుండుని చూసినట్టు దగ్గరికి వంగి చూసేవారు. మనం దీన్ని వికారంగా అనువదిస్తే పిల్లలు నవ్వుకుని పోతారు, ఆ కాలంవాళ్ళు ఎంత మూర్ఖులో అనుకుంటారు. మూర్ఖులు కాదమ్మా, వాళ్ళకి ఇది చాలా బాగుంది, ఎందుకు బాగుందో మనకి తెలియాలి. అందుకని ఆమె బాగా రాసింది. మూలంలో రాత్రిపూట అని మాత్రమే ఉన్నచోట అమ్మమ్మని తీసుకొచ్చి కూర్చోబెట్టింది. ఆమె భర్త పళ్ళు తోముకుంటూ ఆ కాగితం చూసి, నురగ నోటితోనే, ఎవడోయ్ వీడు, కవిలా ఉన్నాడే, అన్నాడు. అదేమిటో తెలిశాక నోరు కడుక్కోవడానికి వెళ్ళినవాడు చాలాసేపు బయటికి రాలేదు. మాస్టారు ఆ మాట కింద గీత గీసి, ఇది మూలంలో లేదే, అన్నారు. లేదండి, తీసేయనా? ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, ఉంచు, అన్నారు. అబద్ధాలకి పుట్టుమచ్చలుంటాయని ఆయన పాఠం. ఒక ఊళ్ళో రాసినవాడు చేసిన పొరపాటు ఇంకో ఊళ్ళో అచ్చం అలాగే కనిపిస్తే అది ఆ దారినే వచ్చిందని పట్టేయొచ్చు, మచ్చని బట్టి తల్లిని వెతకొచ్చు. ఆ పాఠం ప్రకారం ఇప్పుడు ఈ పెద్దాయన మోకాలి మీద ఆడుతున్న బిడ్డ ఎవరిదో ఎవర్నీ అడగక్కర్లేదు.

పుస్తకంలో ఆ పేజీ కింద సగం పేజీ వివరణ ఉంది. ప్లేగు మహమ్మారి రోజుల్లో యూదులూ అందరిలాగే చచ్చిపోయారని, విషం కలిపామని వాళ్ళు ఒప్పుకున్నది చిత్రహింసలు పెడితేనని, కొన్ని ఊళ్ళలో రోగం రాకముందే వాళ్ళని కాల్చేశారని. చిన్న అక్షరాల్లో, పొందిగ్గా, ఆధారాలతో సహా. ఆ వివరణ ఫోన్‌లోకి ఎక్కలేదు. ఎలా ఎక్కుతుంది, దాన్ని ఆమె ఎండుకట్టెలాగే రాసింది కదా, నిజానికి అందమెందుకని.

"ఎంత బాగా చెప్పాడో చూడండమ్మా," అన్నాడు పెద్దాయన, ఆమె ఫోన్ వైపే చూస్తోందని గమనించి. దర్జీ ఆయన. కొలతల టేపు మెడలోంచి తీయడం మర్చిపోయి బస్సెక్కేశాడు, రెండు కొసలూ చొక్కా మీద వేలాడుతున్నాయి. ఆమె ఎక్కినప్పుడు ముఖం చూసి, మీకు తిప్పుతుందేమో, కిటికీ దగ్గర కూర్చోండి, అని తన సీటు తనే ఇచ్చాడు. మంచివాడు. ఆ సంగతే ఆమెకు మింగుడుపడటం లేదు. ఇన్నేళ్ళూ పుస్తకాల్లో తను చూసిన గుంపుకి ముఖాలు లేవు, ఉన్నా వాటి నోళ్ళు మాత్రమే కనిపించేవి. ఆ గుంపులో కూడా ఎవరో ఎవరికో ఇలాగే చోటిచ్చి ఉంటారా, జరగండి, ఆవిడకి కనిపించట్లేదు, అని?

"ఎవరు పంపారండి ఇది?"

"ఎవరని చెప్పనమ్మా, మా ఊళ్ళో అందరి దగ్గరా ఉంది. నీళ్ళు చెడిపోయినప్పట్నుంచీ తిరుగుతోంది." బస్సు ఆఖర్న ఆగే ఊరే ఆయనది. ఆమె దిగాల్సిందీ అక్కడే, మాస్టారి ఊరు. పుస్తకం రెండో ముద్రణకి దిద్దుబాట్లు చూద్దాం రమ్మని ఆయన పిలిచారు, ఫోన్ పెట్టేసే ముందు, నీళ్ళు వాసనొస్తున్నాయి, కాచి తాగుతున్నాంలే, అన్నారు మామూలుగా. దర్జీ ఆమె వైపు కొంచెం వంగి గొంతు తగ్గించాడు. "మీరు చదువుకున్నవాళ్ళలా ఉన్నారు, అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. యూదులంటే ఎవరమ్మా? ఎలా ఉంటారు?"

చూడలేదు. ఒక్కణ్ణి కూడా చూడలేదు ఈయన. దీనిమీద ఎన్ని క్లాసులు చెప్పింది తను, యూదులు లేనిచోట కూడా యూదు ద్వేషం బతకగలదు, దానికి మనుషులతో పనిలేదు, అని. పిల్లలు ఆవలిస్తూ రాసుకునేవారు. ఇప్పుడు ఆ వాక్యం టేపు మెడలో వేసుకుని పక్కన కూర్చుంది. ఆమె గొంతు సవరించుకుంది. క్లాసులో మొదలుపెట్టినట్టే మొదలుపెట్టింది, అదే తప్పని అప్పటికి తెలియలేదు. అందరిలాగే ఉంటారండి, అంది. ఇది అబద్ధమండి, ఇప్పటిది కూడా కాదు, వందల ఏళ్ళ నుంచీ తిరుగుతున్న అబద్ధం, ఎక్కడ నీళ్ళు చెడినా, రోగం వచ్చినా ఇదే కథ, ఇవే విషం మూటలు, ఊరు పేరే మారుతుంది, అని చెప్పుకుపోయింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. మధ్యలో తల కూడా ఊపాడు. అంతా విని, నెమ్మదిగా, "అంటే అప్పట్నుంచీ వాళ్ళకి ఇదే పనన్నమాట," అన్నాడు.

కాదండి, అంది. కాదు కాదు, అంది. ఇంకేం చెప్పాలో తోచక, ఉన్న ఒక్క ఆయుధమూ తీసింది. "ఆ మాటలు నావండి. నీళ్ళు నిద్రపోయే వేళ అన్నది మా అమ్మమ్మ మాట. నేనే రాశాను, పుస్తకం కోసం. ఎవరో దాన్ని చింపి వాడుకుంటున్నారు." దర్జీ ఆమెను పైనుంచి కిందికి చూశాడు. ఆయన కళ్ళలో అనుమానం వస్తుందనుకుంది, కోపం వస్తుందనుకుంది. గౌరవం వచ్చింది. "మీరేనా రాసింది!" అన్నాడు. "మనసుకి తగిలేలా రాశారమ్మా. నేను ఏడ్చాను."

కిటికీ బయట గోదాములు, రేకుల షెడ్లు, గోడ మీద సగం చెరిగిన సిమెంటు ప్రకటన, మళ్ళీ రేకుల షెడ్లు. ఒకసారి క్లాసులో వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి అడిగింది, మాస్టారూ, ఇదంతా ఎప్పుడో అయిపోయిన గొడవ కదా, ఇప్పుడెందుకు చదవడం, అని. అప్పుడు ఆమె కూడా విద్యార్థినే, కిటికీ పక్క బెంచీ. మాస్టారు కోప్పడలేదు. మా అమ్మ గురించి చెప్తాను, అన్నారు. వాళ్ళమ్మ ఎవరింటికి వెళ్ళినా నీళ్ళు తన చేత్తో ముంచుకునేది కాదట. ఎంత దాహమేసినా, ఎంత చుట్టరికమున్నా, కుండ దగ్గరికి వెళ్ళేది కాదు, రెండడుగులు దూరంగా నిలబడి, అమ్మా, కొంచెం నీళ్ళు పొయ్యవా, అని దోసిలి పట్టేది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు, ఎంత మర్యాదస్తురాలో, అనుకునేవారు. ఎందుకమ్మా అలాగ, అని కొడుకు అడిగితే ఆవిడకీ తెలియదు. మా అమ్మ అలాగే చేసేది, వాళ్ళమ్మా అలాగేనట, అంది. కారణం ఎక్కడో దారిలో రాలిపోయింది, భయం మాత్రం చేతుల్లో ఉండిపోయింది. నాకు ముప్పై దాటాక, ఇలాంటి కరపత్రం ఒకటి మొదటిసారి చదివినప్పుడు, మా అమ్మ దోసిలి ఎందుకు పట్టేదో తెలిసింది, అన్నారు మాస్టారు. అయిపోయిన గొడవేనమ్మా. కూర్చో. ఆ అమ్మాయి కూర్చుంది. ఆ సాయంత్రం హాస్టల్లో కుళాయి తిప్పబోయి ఆమె చెయ్యి ఆగిపోయింది, ఎవరైనా చూస్తున్నారేమోనని. ఎవరూ చూడటం లేదు, చూసినా తననెవరూ ఏమీ అనరు. అనరని తెలియడమే ఏదోలా అనిపించింది, చెప్పుకోలేని సిగ్గులా.

"మా ఊళ్ళోనూ ఒకడున్నాడంటున్నారు," అన్నాడు దర్జీ.

ఆమె తల తిప్పింది.

"ముసలాయనట. పార్కు వెనక వీధిలో, ఒక్కడే ఉంటాడట. ఇన్నాళ్ళూ ఎవరికీ తెలీదు. కుర్రాళ్ళు ఇవాళ వెళ్ళి చూసొస్తామంటున్నారు."

సంచీలోంచి ఫోన్ తీసి మాస్టారికి చేసింది. అటు మోగుతోంది, మోగుతూనే ఉంది. ఆయన ఫోన్‌ని వంటగదిలో పెట్టి ముందుగదిలో కూర్చుంటారు, చెవి కూడా అంతంతమాత్రం. మళ్ళీ చేసింది. చూసొస్తామంటే ఏమిటి, చూసి రావడమేనా? కుర్రాళ్ళు అనే మాట ఎన్ని ఊళ్ళ చరిత్రలో చదివింది తను, ఊరి పెద్దలు తర్వాత రాసుకునేటప్పుడు అందరూ ఆ మాటే వాడతారు, ఏదో కుర్రాళ్ళండి, ఆవేశంలో. చూడటానికే వెళ్ళారండి. బస్సు ఎందుకింత నెమ్మదిగా పోతోంది, ఈ గేటు దగ్గర రైలు కోసం ఆగడమేమిటి, రైలు ఎక్కడా కనిపించడమే లేదు. తన దగ్గరున్న చదువంతా ఒక్కసారి ఒంట్లోంచి కారిపోయినట్టయింది, ఎక్కడ పుట్టింది, ఎలా నడిచింది, ఎన్ని రూపాలు, అన్నీ తెలుసు, ఒక్క మనిషికి చెప్పి ఒప్పించడం తెలియదు. ఇంకేమీ చేతకాక, ఏడుపు ఆపుకోవడానికన్నట్టు అడిగింది. "మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అండీ?"

దర్జీ టేపు కొస వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు. మనవరాలమ్మా, అన్నాడు చివరికి. కూతురి కూతురు. బడికి యూనిఫారం నేనే కుట్టాను, ఎదిగే పిల్ల కదాని లోపలికి మడిచి కుట్టాను, రెండేళ్ళు రావాలని. నీళ్ళ విరేచనాలన్నారు, పొద్దున పట్టుకుంటే సాయంత్రానికి కళ్ళు లోపలికి పోయాయి. ఆస్పత్రిలో మంచం లేదు, కింద పడుకోబెట్టారు. నీళ్ళ ఆఫీసుకి వెళ్ళానమ్మా, ఎందుకిలా అయిందని అడగడానికి. అక్కడతను మంచిగానే మాట్లాడాడు, కుర్చీ వేశాడు. పైపు పాతదండి, మురుగు కలిసింది, అన్నాడు. అని ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. "పైపు పాతదంటే నేనేం చెయ్యనమ్మా? పైపుని పట్టుకుని తిట్టనా? ఇంటికొచ్చి ఆ పిల్ల తల్లికి ఏం చెప్పను, పైపని చెప్పనా? ఇది విన్నాక నాకు కొంచెం..." ఆ వాక్యం ఆయన పూర్తి చెయ్యలేదు. చెయ్యక్కర్లేదు. ఎందుకు బాగుందో తెలియాలని మాస్టారన్నది ఇదే కాబోలు, ఇన్ని పుస్తకాలు తిప్పినా తనకు దొరకనిది.

రైలు వెళ్ళిపోయింది, గేటు లేచింది. "నేను ఆ ముసలాయన ఇంటికే వెళ్తున్నానండి," అంది ఆమె. "ఆయన నాకు చదువు చెప్పారు. ఆయనా ఆ నీళ్ళే కాచుకుని తాగుతున్నారు." దర్జీ మోకాళ్ళు దగ్గరికి ముడుచుకోవడం, సీటు మీద ఆయన ఒళ్ళు బెత్తెడంత అటు జరగడం ఆమె చూసింది. ఇద్దరి మధ్యా కొత్తగా ఏర్పడిన ఆ ఖాళీలో రెక్సిన్ చిరుగొకటి బయటపడింది, అందులోంచి పీచు. ఆమె దాన్నే చూస్తూ మిగిలిన దారంతా కూర్చుంది. ఓహో, ఇలా ఉంటుందన్నమాట. ఒక్క గంటసేపు, ఒక్క సీటులో. పుట్టినప్పట్నుంచీ పోయేదాకా, ప్రతి బస్సులోనూ ఇలా పక్కవాళ్ళు కొంచెం కొంచెం జరిగితే ఆ మనిషి చివరికి ఎక్కడ కూర్చోవాలి?

బస్సు ఆగీ ఆగకముందే దిగి పరుగులాంటి నడక నడిచింది. పార్కు వెనక వీధిలో ఎండ ఇంకా ఉంది, గేటు మూసే ఉంది, కిటికీ అద్దాలు బాగానే ఉన్నాయి. మాస్టారు ముందుగదిలో కూర్చుని, వంటగదిలోంచి ఈసారి ఎందుకు తెచ్చుకున్నారో, ఫోన్ చెవికి అదిమిపెట్టుకుని ఆ గొంతే వింటున్నారు, చేతిలో పెన్సిల్. ఆమెని చూసి చెయ్యెత్తి ఆగమన్నారు. "బావి బదులు ట్యాంకు అన్నాడు, గమనించావా అమ్మాయ్?" అన్నారు. "మిగతాదంతా నీదే. ఒక్క అక్షరం పోలేదు." ఆ గొంతులో, దేవుడా, కొంచెం మెచ్చుకోలు కూడా ఉంది. ఆమె గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. ఆ మాట తీసేద్దాం మాస్టారూ, ఆ పేజీయే వద్దు, అంది. ఆయన లేవబోయి, మోకాలు పట్టేసి, మళ్ళీ కూర్చున్నారు. ఎక్కణ్ణుంచి తీస్తావమ్మా, అన్నారు, పుస్తకంలో ఉంటే తీయొచ్చు. నిన్న ఇద్దరు వచ్చి గేటు దగ్గర నిలబడి నన్ను చూసిపోయారు. వాళ్ళలో ఒకడి తండ్రికి పదో తరగతి లెక్కలు ఈ ఇంట్లోనే ట్యూషన్ చెప్పాను. ఆ కుర్రాడు నమస్కారం పెట్టబోయాడు, చెయ్యి సగం లేచింది, పక్కవాణ్ణి చూసి దించేసుకున్నాడు. అది చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు వణికింది.

గేటు చప్పుడైంది. ఇద్దరూ కదల్లేదు. కాసేపటికి ఆమే లేచి తెర పక్కకి తీసి చూసింది. గేటు బయట మెట్టు మీద, వీధి వైపు తిరిగి, దర్జీ కూర్చునున్నాడు. ఆమె బయటికి వెళ్ళింది. ఆయన తల తిప్పకుండానే మాట్లాడాడు. "మీరు చెప్పిందేదీ నేను నమ్మలేదమ్మా. అదంతా నాకు తెలీదు. ముసలాయన ఒక్కడే ఉంటాడన్నారు కదా, అందుకని."

కుర్రాళ్ళు వచ్చారు. నలుగురో అయిదుగురో, నవ్వుకుంటూ, ఒకడి చేతిలో సగం ఇటుక, ఆడుకోవడానికి తెచ్చుకున్నట్టు ఎగరేస్తూ. దర్జీని చూసి నవ్వాపారు. అందరికీ బడి చొక్కాలు కుట్టింది ఆయనే, ఎవడి భుజం ఎంతో ఆయనకి తెలుసు. "బాబాయ్, నువ్విక్కడేంటి?" అన్నాడొకడు. దర్జీ లేవలేదు. "పోయింది నా మనవరాలురా," అన్నాడు, గొంతు పెంచకుండా. "రాయి వెయ్యాలంటే నేను వెయ్యాలి. నేను వెయ్యట్లేదు. పొండి." వాళ్ళు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. ఇటుక చేతిలో ఉన్నవాడు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు అలాగే పట్టుకుని, చివరికి గోడ వారగా మెల్లిగా పెట్టి వెళ్ళాడు. వాళ్ళు మలుపు తిరిగాక కూడా ఆయన అక్కణ్ణుంచి లేవలేదు. ఎండ ఆయన మెడ మీంచి మోచేతుల మీదికి జారింది. ఆయన వీపునే చూస్తూ నిలబడిన ఆమెకు ఒక్కక్షణం తెలియలేదు, ఈయన వీధి నుంచి ఇంటిని కాపాడుతున్నాడో, ఇంటి నుంచి వీధిని కాపలా కాస్తున్నాడో.

లోపల్నుంచి మాస్టారు గోడ పట్టుకుంటూ వచ్చారు, చేతిలో గ్లాసుతో. కాచి చల్లార్చిన నీళ్ళు, నడకకి కొంచెం తొణికాయి. "ఎండలో కూర్చున్నారు, తీసుకోండి," అన్నారు. దర్జీ లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ కట్టుకున్నాడు, పెద్దవాళ్ళ ముందు నిలబడినట్టు. గ్లాసు వైపు చూశాడు, మాస్టారి ముఖం వైపు మాత్రం చూడలేకపోయాడు. "వద్దండి," అన్నాడు, "దాహంగా లేదు." పెదాలు ఎండి చీలిపోయి ఉన్నాయి, ఆ మాట అంటుంటే నాలుక వాటికి అతుక్కుంది. వస్తానండి, అన్నాడు. వెళ్ళిపోయాడు.

ఇద్దరూ గేటు దగ్గరే నిలబడి చూశారు. వీధి చివర కొట్టు ముందు ఆయన ఆగాడు, జేబులో చెయ్యి పెట్టాడు, కొట్టువాడు నీళ్ళసీసా అందించాడు. మూత తిప్పి, అక్కడే నిలబడి, తల వెనక్కి వాల్చి, గడగడా తాగాడు, గొంతు ముడి పైకీ కిందికీ ఆడటం ఇంత దూరానికీ కనిపిస్తోంది, ఊపిరికి కూడా ఆగలేదు, నీళ్ళు గడ్డం మీంచి టేపు మీదికి కారుతున్నా తుడుచుకోలేదు. సీసా ఖాళీ అయ్యేదాకా ఆమె చూపు తిప్పుకోలేకపోయింది. పక్కన మాస్టారు గ్లాసు పట్టుకుని అలాగే ఉన్నారు.

"పాపం," అన్నారాయన, "ఎంత దాహం మీదున్నాడో."